అనంతపురంలో ఉగ్గాని బండి యాడ పెడితే బాగుంటాది?

రాంనగర్ తమ్ముడు:
అందరికీ నమస్కారం. మా అమ్మ బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నోళ్లంతా బండి పెట్టమంటాండారు. ఇంట్లో పరిస్థితి కూడా అట్లే ఉండాది. పాత తోపుడు బండి ఒకటి బేరం చేసినా. సప్తగిరి సర్కిల్‌లో ఎప్పుడూ జనమే కదా, ఆడ పెడదామని నేను. పెద్దాసుపత్రి దగ్గర పెడదామని అమ్మ. ఎవరన్నా వచ్చి లేపేస్తే ఏం చేయాలో కూడా తెలీదు. ఈ పని చేసినోళ్లుంటే చెప్పండి.

బజ్జీల అక్క:
తమ్ముడూ, మీయమ్మ మాటే విను. 11 ఏండ్ల నుంచి బండి మీదే బతుకుతాండా. మొదట్లో నేను కూడా జనాన్ని చూసి బస్టాండు ఎదురుగా పెట్టినా. వచ్చేపోయేవాళ్లకు లెక్కలేదు గానీ కన్నంతా బస్సు బోర్డు మీదే. పైగా ఆడ ముందునుంచి ఉండేవాళ్ల నోటికాడ కూడు లాక్కున్నట్లయింది. ఆర్నెల్లకే వదిలేసినా.

ఆసుపత్రి కాడ అట్ల కాదు. పల్లెల నుంచి రోగి వెంట వచ్చినోళ్లు రెండు మూడు దినాలు ఆన్నే ఉంటారు. ఈ పొద్దు తిన్న మనిషి రేపు కూడా మన దగ్గరికే వస్తాడు, పక్క మంచమోళ్లకు కూడా కట్టించుకొని పోతాడు.

అయితే ఆసుపత్రి దగ్గర ఏ పది అడుగులో అనేది చూసుకోవల్ల. గేటు కాడ వద్దు, ఆంబులెన్సులు తిరుగుతాంటాయి. నేను ఒక అంగడి ముందర పెడతా. దాని షట్టర్ ఎత్తేది 10 గంటలకు. నేను 6 గంటలకు బండి తెస్తా, తొమ్మిదిన్నరకల్లా తీసేస్తా. నూనె చుక్క కనపడకుండా సబ్బునీళ్లతో కడిగి, మనింటి వాకిలి మాదిరి ముగ్గేసి పోతా. బండి తెచ్చే ముందు మూడు దినాలు ఊరికే ఊడ్చి, ఆ తర్వాతనే అంగడి ఆయప్పను అడిగినా. ఇంతవరకు బాడుగ అడగలేదు. నీళ్లు కూడా వాళ్ల కొళాయిలోనే పట్టుకుంటా.

ఇంకొకటి, మన ఊరి గాలి. ఆషాఢంలో పడమటి గాలికి స్టవ్ మంట నిలవదు. నూనె సరిగ్గా కాగక బజ్జీ నూనె తాగి మెత్తబడిపోతాది. మూడు పక్కలా రేకు కట్టినా నాకు చాల్లేదు. అందుకే పడమర పక్క గోడ ఉండే తావు వెతుక్కున్నా. మీరు సాయంత్రం కూడా బజ్జీలేస్తే అట్లాంటి గోడే నీడ కూడా ఇస్తాది.

కడప దోసె:
అక్క చెప్పింది అక్షరాలా నిజం. లేపేసే భయం గురించి నేను చెప్తా. మాది కారం దోసె బండి. వేరే ఊర్లో ఉన్నప్పుడు ఒకసారి పెనం, పిండి అన్నీ ఎత్తుకుపోయినారు, చీటీ కూడా ఇయ్యలేదు. పిండి పులిసి పారబోసుకున్నాం. మా నాయన ఆ రాత్రి అన్నం తినలేదు.

2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చిందని మాకప్పుడు తెలీదు. సరుకు ఎత్తుకుపోతే దేందేం తీసుకున్నారో జాబితా రాసియ్యాల, పాడయ్యే సరుకు మనం అడిగిన దినమే తిరిగియ్యాల. బండి పెట్టుకునేదానికి మున్సిపాలిటీ ఇచ్చే సర్టిఫికెట్ ఉంటే, అందులో రాసిన తావు నుంచి తీసెయ్యాలన్నా 30 రోజుల ముందు నోటీసు ఇయ్యాల. తావులు చూసే పట్టణ కమిటీలో కనీసం 40 శాతం మంది బండ్లోళ్లే ఉండాల, వాళ్లలో మూడో వంతు ఆడోళ్లు. కొత్తగా పెట్టేవాళ్లు కూడా ఆ సర్టిఫికెట్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. మెప్మా (పట్టణాల్లో పేదలకోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ) వాళ్లను అడిగి అమ్మ పేరు మీదే రాయించు.

రాంనగర్ తమ్ముడు:
అక్కా, అన్నా, శానా మేలు చేసినారు. రేపు పొద్దున 6 గంటలకు అమ్మను తీసుకొని పోయి గోడలు చూసొస్తా. అక్కా, ఆదివారం ఓపీ ఉండదు కదా, ఆ దినం ఎట్ల?

బజ్జీల అక్క:
వార్డులో ఉండేవాళ్లకు ఆదివారం కూడా ఆకలైతాది తమ్ముడూ, బండి మానొద్దు. బొరుగులు మాత్రం సగమే తెచ్చుకోండి. అన్నీ ఒకేసారి నానబెట్టొద్దని చెప్పు అమ్మకు. మనిషి వచ్చి నిలబడినాకనే నీళ్లలో ముంచి పిండల్ల.