చిన్న పార్టీకి సొంత గుర్తా, పెద్ద పార్టీ గుర్తా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్తే. మాది చెన్నై వ్యాసర్‌పాడి. తాగునీళ్లు, మురుగుకాలువ, ఇంటి పట్టా అంటూ ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి, ఇక మనమే పార్టీ పెట్టుకుందామని తెలుగువాళ్లం, తమిళులం కలిసి అనుకున్నాం. పార్టీ పెట్టిన 30 రోజుల్లోపు ఎన్నికల సంఘానికి దరఖాస్తు చేరాలి, ఓటున్న సభ్యులు కనీసం 100 మంది ఉండాలి. దొరికారు. మా పెద్దమ్మ అయితే అంట్లు తోమే పని నుంచి నేరుగా వచ్చి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని మరీ సంతకం పెట్టింది. ఆ నమ్మకం నిలబెట్టాలనే నా టెన్షన్ అంతా.

అసలు సందేహం గుర్తు గురించి. ఒక పెద్ద పార్టీ వాళ్లు ఒక వార్డు ఇస్తాం, మా గుర్తు మీద నిలబడండి అంటున్నారు. అలా గెలిస్తే లెక్కలో వాళ్ల మనిషే కదా! తమిళనాడులో దళితుల పార్టీగా పేరున్న విడుదలై చిరుత్తైగళ్ కట్చి 2001లో డీఎంకే గుర్తు మీదే పోటీ చేసింది, 2024లో సొంత కుండ గుర్తుతో చిదంబరం, విళుప్పురం లోక్‌సభ సీట్లు రెండూ గెలిచాకే దానికి రాష్ట్ర పార్టీ గుర్తింపు వచ్చింది. అన్నేళ్లు ఓపిక పట్టగలమా? పోటీ చేయకుండా కూర్చోవడమూ ప్రమాదమే, ఆరేళ్లుగా ఒక్క ఎన్నికలోనూ దిగలేదని 2025 ఆగస్టులో 334 పార్టీలను ఎన్నికల సంఘం రిజిస్టరైన పార్టీల జాబితాలోంచి తీసేసింది.

చిన్న పార్టీల్లో పనిచేసిన అన్నలూ, అక్కలూ, మీరు దేనితో మొదలుపెట్టారు? చదువు రాని పెద్దవాళ్లకు కొత్త గుర్తు ఎలా అలవాటు చేశారు?