లైన్ చివర బోరుకు వోల్టేజీ రావట్లేదు, స్టెబిలైజర్ కొనాలా?

చివరి_బోరు: అన్నలూ, మా 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద 17 బోర్లున్నాయి, అన్నీ 5 హెచ్‌పీవే. యాసంగి నాట్లు మొదలైనప్పటి నుంచి నా దగ్గర ఫేజుకీ ఫేజుకీ మధ్య 330 కూడా చూపించట్లేదు, స్టార్టర్ గుర్రుమని వదిలేస్తోంది. మోటార్ ఒకసారి కాలి వైండింగ్‌కి పోయింది. షాపతను స్టెబిలైజర్ పెట్టమంటున్నాడు.

పాత_లైన్‌మన్: డబ్బు తగలేయకు తమ్ముడూ. స్టెబిలైజర్ కరెంటును పుట్టించదు కదా, నీకు మామూలుగా ఉండాల్సిన 415 వోల్టులు చూపించడానికి లైన్‌లోంచి ఇంకా ఎక్కువ ఆంపియర్లు గుంజుతుంది, దాంతో వోల్టేజీ మరింత పడుతుంది. 63 కేవీఏకి ఫేజుకు 84 ఆంపియర్లే. 5 హెచ్‌పీ మోటార్ ఏడెనిమిది తింటుంది, అంటే పదకొండు మోటార్లకే సరి! అన్నీ నడిచేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎంత వస్తోందో మీ లైన్‌మన్‌తో చూపించు. నువ్వు మాత్రం ఫ్యూజు పెట్టె ముట్టుకోకు.

మోటార్_మెకానిక్: కెపాసిటర్లు ఉన్నాయా? 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ సైజుది చాలు. దాంతో పవర్ ఫ్యాక్టర్ (గుంజిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) 0.75 నుంచి 0.95కి వస్తే లైన్‌లో కరెంటు ఐదో వంతు తగ్గుతుంది. ఒక్కడివే పెడితే పెద్దగా తెలియదు, అందరూ పెట్టాలి. స్టార్టర్ తర్వాత కలపండి, మోటార్‌తో పాటే ఆగిపోవాలి. ఆటో స్టార్టర్లుంటే పీకేయండి, కరెంటు రాగానే పదిహేడూ ఒక్కసారి లేస్తే ఏ ట్రాన్స్‌ఫార్మరైనా కూలబడుతుంది.

చివరి_బోరు: చూపించాను. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 410, నా దగ్గర 328. కెపాసిటర్లు ఇద్దరికే ఉన్నాయి, ఒకటి ఉబ్బిపోయి ఉంది. ఊళ్లో అందరూ కలిసి 100 కేవీఏ అడుగుదామంటున్నారు.

పాత_లైన్‌మన్: 100 కేవీఏ వేస్తే ఫ్యూజులు పోవడం తగ్గుతుంది, ముందున్నవాళ్లు హాయిగా ఉంటారు, నీ గోడు మాత్రం అలాగే ఉంటుంది. నీ 82 వోల్టులు పోతున్నది తీగలో. హెచ్‌వీడీఎస్ (హై వోల్టేజీ డిస్ట్రిబ్యూషన్ సిస్టమ్) అడగండి: 11 కేవీ, అంటే 11,000 వోల్టుల లైన్‌నే పొలాల్లోకి లాగి, మూడు నాలుగు బోర్లకొక 25 కేవీఏ పెడతారు. అదే లోడుకు 11 కేవీలో కరెంటు పాతిక రెట్లు తక్కువ, ఇక తీగలో పడేదెంత? అర్జీలో ఆ రెండు రీడింగులూ రాయండి, ఉత్త 'లో వోల్టేజీ' అంటే పక్కన పడేస్తారు. 1912కి కూడా ఫోన్ చేసి కంప్లయింట్ నంబరు తీసుకో.

మోటార్_మెకానిక్: అందాకా వంతులేసుకోండి, సగం మంది పొద్దున, సగం మంది మధ్యాహ్నం. 350 దాటకపోతే మోటార్ వేయనే వేయకు, రెండో వైండింగ్‌కి కూడా నా దగ్గరికే రావాలి మరి.