నాలుగేళ్ల పాపకి రోజూ ఇన్‌హేలరా?

సుధామయి: జలుబు తగ్గినా మా పాపకి దగ్గు వదలట్లేదు. తెల్లవారుజామున లేచి కూర్చుంటుంది. పరిగెత్తినా, పగలబడి నవ్వినా దగ్గే. డాక్టరుగారు ఉబ్బసంలా ఉందని రోజూ పీల్చే స్టెరాయిడ్ రాశారు. అత్తయ్యగారు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?

ఏటిగట్టు: మొదలుపెట్టకండి. ఒకసారి ఇన్‌హేలర్ పంపు పట్టుకుంటే జన్మంతా అదే. మావాడికి సిరప్‌తోనే తగ్గింది.

తెల్లకాగితం: పంపులు రెండు రకాలండీ. సాల్బుటమాల్ బిగుసుకున్న ఊపిరి గొట్టాల్ని నిమిషాల్లో వదులు చేస్తుంది, లోపలి వాపు మాత్రం అలాగే ఉంటుంది. ఆ వాపు తగ్గాలంటే బుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్ రోజూ పీల్చాలి. సాల్బుటమాల్ సిరప్‌లో మందు మిల్లీగ్రాముల్లో, పంపులో మైక్రోగ్రాముల్లో. చేతుల వణుకు, గుండెదడ సిరప్‌తోనే ఎక్కువ.

ఏటిగట్టు: అలవాటు సంగతి అడిగితే మైక్రోగ్రాములంటారేం? మానేస్తే మళ్లీ వస్తుందా, రాదా?

తెల్లకాగితం: రావచ్చు. అది జబ్బు తిరగబెట్టడం. అలవాటంటే ఎలా?

గాలిపటం: పిల్లలు ఎత్తు ఎదగరని విన్నాను.

తెల్లకాగితం: కొంత నిజమే. ఉబ్బసం ఉన్న అమెరికా, కెనడా పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించిన క్యాంప్ అధ్యయనం ఫలితం 2012లో వచ్చింది. బుడెసొనైడ్ ఏళ్లతరబడి వాడినవాళ్లు, అది వాడనివాళ్లకంటే సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ ఎదిగారు. అందుకే పనిచేసే అతి తక్కువ డోసులో ఉంచి, ఎత్తు కొలుస్తుండాలి.

ఏటిగట్టు: అసలు పరీక్షే లేకుండా ఉబ్బసమని ఎలా రాస్తారు? మావాడి విషయం రెండు నిమిషాల్లో తేల్చేశారు!

తెల్లకాగితం: ఊదే పరీక్ష అయిదేళ్లలోపు పిల్లలకి సాధారణంగా కుదరదు. రాత్రి దగ్గు, పిల్లికూతలు, ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం, పాపకి గజ్జి లాంటి దురద మచ్చలు, ఇవన్నీ చూస్తారు. రెండు మూడు నెలలు మందిచ్చి, తగ్గిందా, ఆపాక తిరగబెట్టిందా అని గమనిస్తారు. జలుబుతో మాత్రమే పిల్లికూతలొచ్చే పిల్లల్లో చాలామందికి బడి వయసుకి పోతాయి కూడా.

ఏటిగట్టు: ఈ ముక్క ఆరోజు నాకెవరూ చెప్పలేదు! చీటీ మీద పేరు రాసి చేతిలో పెట్టారంతే. అప్పట్నుంచి ఇంట్లో వాణ్ణి పరిగెత్తనివ్వరు, ఆడనివ్వరు. నా గొడవంతా ఆ ముద్ర గురించే.

తెల్లకాగితం: మీ కోపం న్యాయమే. దాంతో ఈ పాపకి మందు మాన్పిస్తే? మందు సరిగ్గా పడితే పిల్లలు హాయిగా పరిగెత్తాలి. లేదంటే మళ్లీ చూపించాలి.

నీలాంబరి: స్పేసర్, అంటే పంపుకీ మాస్కుకీ మధ్య పెట్టే గొట్టం, తప్పనిసరి. మాస్కు ముక్కూ నోరూ మూసి సందు లేకుండా ఆనాలి. పంపు కుదిపి ఒక్కసారి నొక్కి, అయిదారుసార్లు ఊపిరి తీయనివ్వండి. గుక్కపెట్టి ఏడుస్తుంటే మందు లోపలికి పోదు. అయ్యాక నోరు కడిగి, మొహం తుడవండి.

సుధామయి: రాత్రి ఎక్కువైతే?

తెల్లకాగితం: డొక్కలెగరేస్తున్నా, ఆయాసంతో మాట పూర్తి చేయలేకపోయినా, పెదాలు నీలంగా మారినా సాల్బుటమాల్ ఇస్తూ వెంటనే ఆసుపత్రికి వెళ్లిపోండి. పిల్లికూతలు ఆగి పాప మగతగా పడుకుంటే తగ్గిందనుకోకండి, అది ఇంకా ప్రమాదం.

ఏటిగట్టు: అక్కడ నాకూ వాదన లేదు. సుధామయిగారూ, మొదలుపెడితే పెట్టండి. మూడు నెలలకి డోసు తగ్గించే మాట డాక్టరు ఎత్తకపోతే మీరే అడగండి.