మేక కార్జంతో చిక్కు: మోడల్‌లో తప్పు దిద్దితే లెక్క ఇంకా తప్పుతోంది

మత్తికెరె పీజీ రూమ్ 12

నమస్కారం. బెంగళూరులో ఎంటెక్ చేస్తున్నాను. లివర్‌లోని గడ్డకు సూదిలాంటి ఎలక్ట్రోడ్ గుచ్చి, రేడియో ఫ్రీక్వెన్సీ కరెంటుతో కాలుస్తారు కదా, ఆ వేడి ఎంత దూరం పాకుతుందో లెక్కగట్టే మోడల్ నా ప్రాజెక్టు. కణజాలంలో వేడి పాకడాన్నీ, రక్తం దాన్ని మోసుకుపోవడాన్నీ కలిపి లెక్కగట్టే, అందరూ వాడే 1948 నాటి పెన్నెస్ సమీకరణమే తీసుకున్నాను.

సరిచూసుకోవడానికి మేక కార్జం కొన్నాను. ముక్కలు కొట్టొద్దు, అలాగే ఇవ్వమంటే కొట్టాయన నన్ను అదోలా చూశాడు. ల్యాబ్‌లో 500 కిలోహెర్ట్జ్ కరెంటు 8 నిమిషాలు పంపి, కోసి చూస్తే తెల్లబడిన భాగం అడ్డంగా 22 మి.మీ. ఉంది. మోడల్ చెప్పింది 21. ఆ రాత్రి రూమ్మేట్‌కి బిర్యానీ పార్టీ ఇచ్చేశాను.

మర్నాడు మా గైడ్ ఒకే మాట అడిగారు: "మొదటి ఉష్ణోగ్రత ఎంత పెట్టావు?" 37. కార్జమేమో గదిలో 26 దగ్గర ఉంది. సరే అని కార్జానికీ రక్తానికీ రెండింటికీ 26 పెట్టాను. ఇప్పుడు మోడల్ 17 అంటోంది! పైగా ఎలక్ట్రోడ్ పక్కన 160 డిగ్రీలు చూపిస్తోంది. గురువారం రివ్యూ. టెన్షన్‌తో నిద్ర లేదు.

మెష్ మామయ్య

తమ్ముడూ, కొట్లో కొన్న కార్జంలో రక్తం ఎక్కడిది? దానికి 26 పెట్టానంటున్నావంటే రక్తం పదం (టర్మ్) సమీకరణంలో ఇంకా ఉన్నట్టే. సెకనుకు 0.0064 అని పేపర్లలో కనిపించే లివర్ రక్తప్రవాహం విలువే వేసి ఉంటావు. లేని రక్తం నీ వేడిని మోసుకుపోతోంది, అందుకే కాలిన భాగం చిన్నదైంది. ముందు 37 నుంచి మొదలుపెట్టావు కాబట్టి ఆ లోటు కనపడలేదు. తప్పుకు తప్పు సరిపోయింది, అంతే. ఆ పదం సున్నా చేసి నడుపు.

ఓమ్ నమః

160 సంగతి నేను చెప్తాను. కణజాలంలో ఎక్కువ భాగం నీళ్లే. 100 దగ్గర ఆవిరవుతాయి. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2257 కిలోజౌళ్లు కావాలి, అది నీ మోడల్‌లో లేదు. ఆవిరిలో కరెంటు పారదు కాబట్టి ఇంపిడెన్స్, అంటే కరెంటుకు అడ్డు, ఒక్కసారిగా లేస్తుంది, అసలు మెషీన్ పవర్ తగ్గించేస్తుంది. నువ్వేమో వోల్టేజ్ అలాగే ఉంచి నెడుతున్నావు.

మెష్ కూడా చూసుకో, అదే లెక్క కోసం మోడల్‌ని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టే వల. గుండ్రటి కొన అయితే, మధ్య నుంచి దూరం రెట్టింపైతే కరెంటు పుట్టించే వేడి 16వ వంతుకు పడిపోతుంది. అంటే అసలు కాల్పు కొన్ని మిల్లీమీటర్లలోనే, మిగతాదంతా వేడి తనంతట తాను పాకడమే. అక్కడ మెష్ గరుకుగా ఉంటే ఏ అంకె వచ్చినా నమ్మలేం.

చెన్నై రేడియాలజీ

రక్తం పదం తీసేయడం మీ కార్జానికి సరే, మా పేషెంట్‌కి కాదు. అప్పుడు దాన్ని తిరిగి పెట్టాలి, మాడిన చోట మాత్రం ఆపాలి, అక్కడ రక్తం గడ్డకడుతుంది. అదీ చాలదు. ఆ పదం రక్తాన్ని స్పాంజిలో నీళ్లలా అంతటా సమంగా పరుస్తుంది. గడ్డ పక్కనే 3 మి.మీ. దాటిన రక్తనాళం ఉంటే ఆ వైపు సరిగ్గా కాలదు, అక్కడే మళ్లీ గడ్డ మొలుస్తుందని మా భయం. పెద్ద నాళాలను విడిగా గీయండి.

మత్తికెరె పీజీ రూమ్ 12

మామయ్యా, దండాలు! రక్తం తీసేస్తే 25 వచ్చింది. ఆవిరి కలిపి, పవర్ తగ్గేలా చేస్తే 23. ఎలక్ట్రోడ్ దగ్గర 104 దాటడం లేదు. డాక్టర్ గారూ, నాళాల సంగతి రెండో సెమిస్టర్‌కి రాసుకున్నాను.

ఓమ్ నమః

ఒక్క కార్జంతో రివ్యూకి వెళ్లకు. ఇంకో రెండు కొను.

మత్తికెరె పీజీ రూమ్ 12

రేపు పొద్దున్నే వెళ్తున్నా అన్నా. కొట్టాయన ఈసారి ఏమంటాడో.