విజయనగరంలో టీవీకీ నెట్‌కీ కలిపి ఏ కనెక్షన్ నయం?

మాది విజయనగరం, కంటోన్మెంట్ వైపు. టీవీ, నెట్ రెండూ లోకల్ ఆపరేటర్ ఫైబర్ మీదే. ప్లాన్ 50 ఎంబీపీఎస్. పగలు 45 దాకా వస్తుంది, రాత్రి ఏడున్నర నుంచి పది వరకు 3 దాటదు. సరిగ్గా అమ్మ సీరియల్ టైమ్! తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉంటుంది.

రూటర్ రీసెట్ చేశాను, వైఫైని 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మార్చాను. వైఫై తప్పేమోనని లాన్ కేబుల్ నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టి చూశాను, అదే 3. ఫైబర్ బాక్స్ మీద ఎల్ఓఎస్ లైటు (సిగ్నల్ పోతే వెలిగేది) ఎర్రగా వెలగడం లేదు, అంటే వైరు తెగలేదు. లైన్ మీద జనం ఎక్కువయ్యారని నా అనుమానం. ఆపరేటర్‌కి నాలుగుసార్లు ఫోన్ చేస్తే "రేపు చూస్తాం సార్" అన్నారు.

ఇక మారిపోదామనుకుంటున్నాను. ఏపీ ఫైబర్‌నెట్, జియో, ఎయిర్‌టెల్, బీఎస్ఎన్ఎల్‌లలో మీరు ఇక్కడ వాడుతున్న దానికి రాత్రి 8 గంటలకు నిజంగా ఎంత స్పీడ్ వస్తోంది?