మంచు కొండ మీద స్కీ దారులు వెడల్పు చేస్తామంటే సగం మంది వద్దంటున్నారు, ఎందుకు?

రిటైర్డ్ ఏఈ, మిర్యాలగూడ:

అందరికీ నమస్కారం. ఆర్ అండ్ బీలో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఉద్యోగమంతా నల్లగొండ జిల్లాలోనే గడిచింది, దేవరకొండ, హాలియా, మిర్యాలగూడ. సింగిల్ రోడ్డును డబుల్ చేయడం, డబుల్‌ను నాలుగు లైన్లు చేయడం, నేను బతికిందే దాని మీద.

ఈ చలికాలం మా అమ్మాయి దగ్గరికి న్యూయార్క్ వచ్చాను. సిటీ కాదు, పైన ఆల్బనీ దగ్గర. శని, ఆదివారాలు వస్తే అమ్మాయి, అల్లుడు, పిల్లలు స్కీయింగ్‌కు పోతారు, కాళ్లకు పొడుగాటి పట్టీలు తగిలించుకుని మంచు కొండ మీంచి కిందికి జారే ఆట. నేను కింద లాడ్జిలో హీటర్ పక్కన కూర్చుని కాఫీ తాగుతూ చూస్తుంటాను. నా మోకాళ్లు ఒప్పుకోవు, మా ఆవిడ అసలే ఒప్పుకోదు.

ఆ లాడ్జి గోడకు పెద్ద మ్యాపు పెట్టారు. కొండను విస్తరిస్తారట. జనాన్ని కొండ పైకి చేర్చే కొత్త లిఫ్టు ఒకటి వేసి, ఉన్న దారుల్లో నాలుగింటిని వెడల్పు చేస్తారట. ఎవరైనా అభిప్రాయాలు రాసి పంపొచ్చని కింద రాశారు. అప్పటి నుంచి ఇంట్లో అన్నం దగ్గర కూడా ఇదే గొడవ. జనం పెరిగారు, ఇరుకు దారిలో ఒకరినొకరు గుద్దుకుంటున్నారు, వెడల్పు చేయాల్సిందే అని అల్లుడు. మా అమ్మాయి ససేమిరా అంటుంది. దారికున్న అందం పోతుందట, మంచు కూడా నిలవదట. చివరికి ఇద్దరూ నా మీదికి తోశారు. "నాన్నా, రోడ్లు వేసినోడివి, నువ్వే చెప్పు" అని.

నా లెక్కలో ట్రాఫిక్ పెరిగితే రోడ్డు వెడల్పు చేయాలి, అంతే. కానీ మొన్న అల్లుడు నన్ను ఆ దారి అంచున కొంత దూరం నడిపించాడు. చెట్ల మొదళ్లకు గులాబీ రంగు రిబ్బన్లు కట్టి ఉన్నాయి. మన దగ్గర వేపచెట్టుకు ఎర్ర పెయింటుతో నెంబరు వేస్తే ఇగ దాని పని అయిపోయినట్టే కదా, ఇక్కడ రిబ్బను అదే పని చేస్తుందట. సాగర్ రోడ్డులో నేను వేయించిన నెంబర్లు గుర్తొచ్చాయి, అది వేరే సంగతి.

స్కీ దారి వెడల్పు పెరిగితే లాభం ఎవరికి, నష్టం ఎక్కడ? ఊరికే "అందం పోతుంది" అంటే నాకు ఎక్కదు, లెక్కలతో చెప్పేవాళ్లుంటే చెప్పండి. ఇంకో మాట. మ్యాపులో వెడల్పు చేసే చోట నీళ్లు పోయే ఏర్పాటేదీ నాకు కనబడలేదు. మంచు కరిగినప్పుడు ఆ నీళ్లన్నీ ఎటు పోతాయి?

జడ్చర్లోడు:

నమస్తే సార్. మాది జడ్చర్ల, ఇప్పుడు ఉండేది వెర్మాంట్‌లో. లెక్కలు అడిగారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతా.

వంద అడుగుల వెడల్పు, ఒక మైలు పొడవు ఉన్న దారి అంటే సుమారు 12 ఎకరాలు. దాన్ని 200 అడుగులు చేస్తే 24 ఎకరాలు. కొండ నడిపేవాళ్లకు ఇంకో 12 ఎకరాలకు మంచు తయారుచేసే పని నెత్తిన పడిందన్నమాట. అమెరికా తూర్పు వైపు కొండల్లో ఆకాశం నుంచి పడే మంచును నమ్ముకుంటే సీజన్ నడవదు. నీళ్లను గాలి ఒత్తిడితో గన్నుల్లోంచి కొట్టి మంచు చేస్తారు. ఎకరంలో అడుగు మందం మంచు పరవాలంటే ఆరు లక్షల లీటర్ల పైనే నీళ్లు కావాలి. పన్నెండు ఎకరాలకు వేసుకోండి, డెబ్బై లక్షలు దాటుతుంది. ఆ ఒక్క అడుగు ఏ మూలకూ చాలదు, మధ్యలో ఒక వాన పడితే మళ్లీ మొదటికే. ఈ నీళ్లు కింద వాగులోంచో చెరువులోంచో తోడతారు, అదీ వాగులో నీళ్లు తగ్గి ఉండే చలికాలంలో. బోర్లు ఎండి కొత్త బోర్లు వేసిన జిల్లాలవాళ్లం, ఇంతకన్నా చెప్పక్కర్లేదు అనుకుంటా.

మంచు నిలవదని మీ అమ్మాయి అన్నది కూడా నిజమే. ఇరుకు దారికి రెండు పక్కలా స్ప్రూస్, ఫర్ చెట్లు ఉంటాయి. గాలిని ఆపుతాయి, ఎండ నేరుగా తగలనివ్వవు. చెట్లు కొట్టి దారి తెరిస్తే గాలి నడిమి మంచునంతా ఊడ్చి అంచుల్లో పోస్తుంది. మధ్యాహ్నం ఎండకు పైపొర కరుగుతుంది, రాత్రికి గడ్డకడుతుంది. పొద్దున దాని మీద స్కీ అంచు దిగదు, కర్రుమని గీసుకుంటూ పక్కకు జారిపోతాం. ఆ చప్పుడుకే పళ్లు జివ్వుమంటాయి.

అందం మాట కూడా అంత తేలిగ్గా తీసేయకండి సార్. వెర్మాంట్‌లో స్టో ఊరి దగ్గర మౌంట్ మాన్స్‌ఫీల్డ్ మీద కొన్ని దారులు 1930లలో కొట్టినవి. అప్పటి మాంద్యంలో పనిలేని కుర్రాళ్లకు పని చూపించడానికి సివిలియన్ కన్జర్వేషన్ కోర్ అని ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. వాళ్లు కొట్టిన దారులవి. కొండ ఎటు వంగితే అటు మెలిక తిరుగుతాయి, మలుపు తిరిగితే గానీ ముందు ఏముందో తెలియదు. మనుషులు కొండను నడిచి ఎక్కి కిందికి జారే రోజుల దారులు. ఇప్పుడు రాత్రిపూట గ్రూమర్లు తిరుగుతాయి, మంచును కోసి చదును చేసే పెద్ద బండ్లు. ఒక్క పట్టున ఇరవై అడుగుల దాకా చదును చేస్తాయి. వాటికి తిన్నగా, వెడల్పుగా ఉంటేనే సుఖం. అందుకే విస్తరణ అన్నప్పుడల్లా సగం జనం కోసం, సగం బండి కోసం అని నా అనుమానం.

మీరున్న రాష్ట్రంలో ఒక విచిత్రం ఉంది. అక్కడ కొన్ని స్కీ దారుల వెడల్పు ఏకంగా రాష్ట్ర రాజ్యాంగంలో రాసి ఉంది. ఆడిరండాక్, క్యాట్‌స్కిల్ కొండల్లోని ప్రభుత్వ అడవి ఎప్పటికీ అడవిగానే ఉండాలని 1894 రాజ్యాంగంలో పెట్టుకున్నారు. దాంతో స్కీ దారికి చెట్లు కొట్టాలన్నా రాజ్యాంగ సవరణే దిక్కు. వైట్‌ఫేస్ కొండకు 1941లో, గోర్, బెల్లేర్ కొండలకు 1947లో జనం ఓటేసి ఒప్పుకున్నారు. 1987లో మళ్లీ ఓటేసి హద్దులు పెంచారు. ఇప్పుడు ఏ దారైనా 30 నుంచి 200 అడుగుల లోపే ఉండాలి. వైట్‌ఫేస్‌లో మొత్తం 25 మైళ్లు, అందులో 120 అడుగులు దాటినవి 5 మైళ్లకు మించకూడదు. గోర్‌లో 40 మైళ్లకు 8, బెల్లేర్‌లో 25కు 2 మైళ్లే. 1980 వింటర్ ఒలింపిక్స్‌లో కొండ మీది స్కీ రేసులు జరిగిన వైట్‌ఫేస్‌కే ఇంత కట్టడి! మన దగ్గరైతే ఒక జీవోతో పోయేది, అక్కడ వరసగా ఎన్నికైన రెండు శాసనసభలు ఒప్పుకోవాలి, ఆ తర్వాత జనం ఓటు.

మీ అల్లుడుగారు పోయేది ప్రైవేటు కొండ అయితే ఇది వర్తించదు. అయినా 120 అడుగులు దాటే దారి ఎంత పొడవుందో అడగండి, ప్లాను అసలు రంగు అక్కడ తెలుస్తుంది. నేనైతే దారులు వచ్చి కలిసే చోట, లిఫ్టు దిగే చోట వెడల్పు చేయమంటా. మిగతాది ముట్టుకోవద్దంటా.

నాగర్‌కర్నూల్ ఆడబిడ్డ:

జడ్చర్ల అన్నా, మీరు చెప్పింది బాగుంది గాని అదంతా బాగా వచ్చినవాళ్ల మాట. నేను న్యూజెర్సీలో ఫిజియోథెరపిస్టుని. ఇద్దరు పిల్లలు పుట్టాక నేర్చుకున్నా. కొత్తగా నేర్చుకునేవాళ్లకు బ్రేకు ఎక్కడుంటుందో తెలుసా? దారి వెడల్పులోనే. ఈ అంచు నుంచి ఆ అంచుకు అడ్డంగా పోతూ, మెల్లగా మలుపు తిరుగుతూ దిగాలి. దారి ఇరుకైతే అడ్డంగా పోవడానికి చోటే ఉండదు, స్కీలు నేరుగా కిందికి తిరుగుతాయి, ఇక ఆగేది చెట్టు దగ్గరే. నాకు అలాంటి చోట కాళ్లు బిగుసుకుపోయి, స్కీలు విప్పి చంకలో పెట్టుకుని నడుచుకుంటూ దిగాను. పక్క నుంచి పిల్లలు జుయ్యిమని పోతుంటే ఎంత సిగ్గనిపించిందో.

పైనుంచి వచ్చేవాడే ముందున్నవాళ్లను తప్పించుకుని పోవాలని రూల్. ఇరుకు దారిలో వాడికీ తప్పుకునే చోటుండదు. నా దగ్గరికి మోకాలి లిగమెంట్ తెగి వచ్చేవాళ్లను చూస్తుంటా కాబట్టి చెబుతున్నా. అంకుల్, మీ మ్యాపులో ఆ నాలుగు దారులకు ఏ గుర్తు ఉందో చూడండి. ఆకుపచ్చ గుండ్రం అయితే కొత్తవాళ్లది, నీలం చదరం మధ్యరకం, నల్ల డైమండ్ ఆరితేరినవాళ్లది. ఆకుపచ్చది వెడల్పు చేస్తామంటే మీ అమ్మాయికి నచ్చజెప్పండి. నల్లదాన్ని వెడల్పు చేయడం మాత్రం నాకూ అర్థం కాదు, అక్కడికి పోయేవాళ్లు కష్టం కావాలనే కదా పోతారు.

అచ్చంపేట సార్:

నేను స్కీయింగ్ నేర్చుకున్నది ఉత్తరాఖండ్‌లోని ఔలీలో, జోషిమఠ్ పైన. అక్కడ 2011లో దక్షిణాసియా వింటర్ గేమ్స్ జరిగాయి. గన్నులున్నాయి, వాటికి నీళ్ల కోసం కొండ మీదే ఒక చెరువు కట్టారు. అన్నీ ఉన్నా చలి లేకపోతే గన్ను పనిచేయదు. వెట్ బల్బ్ ఉష్ణోగ్రత, అంటే గాలిలో తేమను కూడా లెక్కేసి చూసే ఉష్ణోగ్రత, మైనస్ రెండు డిగ్రీల దగ్గరికి దిగాలి. కొన్ని ఏళ్లు దిగదు. అప్పుడు ఎంత వెడల్పు చేసినా అది గడ్డి మైదానమే. 2023 జనవరిలో జోషిమఠ్ ఇళ్లు బీటలు వారాక ఔలీ పోయే రోప్‌వే కూడా ఆపేశారు. దానికి స్కీ దారి కారణమని అనను. కానీ కొండ మీద నీళ్లు ఎటు పోతాయన్న ఏఈ గారి ప్రశ్న అన్నిటికన్నా ముందు అడగాల్సింది.

మా శ్రీశైలం రోడ్డు సంగతీ చూస్తున్నాం కదా. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు పోనివ్వరు, అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ కాబట్టి. రెండు పక్కల కొమ్మలు పైన కలిసిన చోట కొండముచ్చులు రోడ్డు దిగకుండానే దాటుతాయి. కలవని చోట కిందికి దిగుతాయి, కార్లవాళ్లు అరటిపండ్లు విసురుతారు, మిగతాది మీకు తెలిసిందే. వెడల్పు అంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే.

రిటైర్డ్ ఏఈ, మిర్యాలగూడ:

అందరికీ థాంక్స్. ఎకరాల లెక్క అల్లుడికి చదివి వినిపించా. ఫోన్‌లో తానే మళ్లీ గుణించుకుని చూసి ఏం మాట్లాడలేదు. మ్యాపులో గుర్తులూ చూశాం. నాలుగింటిలో ఒకటి ఆకుపచ్చ, రెండు నీలం, ఒకటి నల్ల డైమండ్. ఆకుపచ్చదానికి మా అమ్మాయి కూడా ఒప్పుకుంది. నల్లది అల్లుడికి ఇష్టమైన దారి, రిబ్బన్లు ఎక్కువ ఉన్నది దాని మీదే. జడ్చర్ల బాబూ, డ్రైనేజీ సంగతి తేల్చలేదు నువ్వు. మా దగ్గర క్రాస్ డ్రైనేజీ, అంటే రోడ్డుకు అడ్డంగా నీళ్లు దాటే ఏర్పాటు, చూపించకపోతే ఎస్టిమేట్ మీద ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సంతకమే పెట్టడు.

జడ్చర్లోడు:

సారీ సార్, మరిచిపోయా. వీళ్లు వాటర్ బార్ అంటారు. దారికి అడ్డంగా, కొంచెం ఏటవాలుగా కాలువ తీసి, కింది పక్క మట్టి కట్ట వేస్తారు. నీళ్లు దారి వెంట కిందికి ఉరకకుండా పక్క అడవిలోకి మళ్లుతాయి. చలికాలం మంచు కింద ఉంటాయి కాబట్టి మీకు కనబడవు. దారి రెండింతలైతే ఒక్కో బార్‌లోకి వచ్చే నీళ్లూ ఆ మేరకు పెరుగుతాయి. కట్ట తెగిందంటే కింద ఉన్నవన్నీ వరసగా తెగుతాయి. ఎంత దూరానికి ఒకటి వేస్తారు, బయటికి పోయే నీళ్లు ఏ వాగులో కలుస్తాయి అని రాసి పంపండి, జవాబు ఇవ్వక తప్పదు.

రిటైర్డ్ ఏఈ, మిర్యాలగూడ:

అట్లా చెప్పు, ఇది మా పనే. నిన్న రాత్రి కూర్చుని రాశాం. ఆకుపచ్చ దారికి అభ్యంతరం లేదు. నల్లదానికి 120 అడుగులు ఎక్కడెక్కడ దాటుతుంది, అదనపు ఎకరాలకు నీళ్లు ఎక్కడివి, వాటర్ బార్ల డ్రాయింగ్ ఏది అని అడిగాం. నీలంవి రెండూ దారులు కలిసే చోట మాత్రమే వెడల్పు చేయమన్నాం. అమ్మాయి సంతకం పెట్టింది, అల్లుడు రేపు చూద్దాం అంటున్నాడు. నన్ను కూడా పెట్టమంటోంది. విజిటర్ వీసా మీద వచ్చినవాడి అభిప్రాయం లెక్కలోకి తీసుకుంటారా? ఎవరికైనా తెలిస్తే శుక్రవారం లోపు చెప్పండి, ఆ రోజే ఆఖరు.