వేళ్లు తెల్లబడకపోయినా ఇది జాక్‌హామర్ వల్ల వచ్చిన జబ్బేనా?

ప్రశ్న:
మా బావగారు చీమకుర్తి దగ్గర ఒక గ్రానైట్ క్వారీలో పదేళ్లుగా జాక్‌హామర్‌తో రాతికి రంధ్రాలు వేస్తున్నారు. ఏడాదిగా వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. రాత్రిళ్లు నిద్రలోంచి లేచి చేతులు విదిలించుకుంటున్నారు, చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా కష్టమవుతోంది. షుగర్ లేదని పరీక్షలో తేలింది. కంపనం వల్ల వచ్చే జబ్బులో వేళ్లు తెల్లబడతాయని చదివాను గాని, ఆయనకు ఎన్నడూ అలా జరగలేదు. అయినా పనే కారణం కావచ్చునా? మందపాటి గ్లౌజులు కొనిస్తే సరిపోతుందా?

జవాబు 1:
తెల్లబడలేదన్న ఒక్క కారణంతో పనిని అనుమానించడం మానకండి. 1918లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో సున్నపురాయి చెక్కేవారి తెల్లవేళ్లను డాక్టర్ ఆలిస్ హామిల్టన్ పరిశీలించినది చలికాలంలో. చలికి వేళ్ల రక్తనాళాలు బిగుసుకున్నప్పుడే ఆ తెలుపు బయటపడుతుంది. మన ఎండల్లో అది అరుదు, కాని నరాలకు జరిగే హాని ఎండాచలీ చూడదు. మన దగ్గర ఈ తిమ్మిరిని నరాల బలహీనతగా కొట్టిపారేయడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం.

పని గంటల లెక్క కూడా చూడండి. యూరోపియన్ యూనియన్ 2002లో ఇచ్చిన ఆదేశం ప్రకారం, 8 గంటల పనిదినానికి లెక్కగట్టిన కంపన త్వరణం (చేతికి తగిలే కుదుపు తీవ్రతకు కొలత) 2.5 మీ/సె² చేరితే యజమాని నివారణ చర్యలు మొదలుపెట్టాలి, 5 మీ/సె² దాటనివ్వకూడదు. పిడి దగ్గర కంపనం 10 మీ/సె² అనుకుంటే, మొదటి హద్దు అరగంటలో, రెండవది 2 గంటల్లో వచ్చేస్తుంది. కంపనం రెట్టింపైతే అనుమతించే సమయం నాలుగో వంతుకు పడిపోతుంది. అయితే యంత్రం నిజంగా ఆడుతున్న సమయాన్నే లెక్కించాలి.

జవాబు 2:
నేను కరీంనగర్ వైపు క్వారీల్లో ఆ పనే చేశాను. గ్లౌజుల మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. జాక్‌హామర్ కొట్టే నిదానపు, బరువైన దెబ్బలను అవి పెద్దగా ఆపవు, పైగా మందంగా ఉంటే పిడిని ఇంకా బిగించి పట్టవలసి వస్తుంది. పట్టు ఎంత బిగిస్తే కుదుపు అంతగా చేతికెక్కుతుంది. అరిగిన బిట్ మార్చడం, ఇద్దరు వంతులవారీగా పట్టడం నాకు ఎక్కువ మేలు చేశాయి. బీడీ అలవాటుంటే మాన్పించండి, అది రక్తనాళాలను మరింత బిగిస్తుంది.

జవాబు 3:
రాత్రి తిమ్మిరి, చేతులు విదిలించుకోవడం అన్నవి చూస్తే మణికట్టులో నరం నొక్కుకుపోయిందేమోనని కూడా అనుమానించాలి. కంపించే పనిముట్లు పట్టేవారిలో అదీ కనిపిస్తుంది. ఆ నరం చిటికెన వేలికి వెళ్లదు, అందుకే ఆ వేలికి తిమ్మిరి ఉందో లేదో అడగండి. న్యూరాలజిస్టుకు చూపించి, ఏ యంత్రం, రోజుకు ఎన్ని గంటలు, ఎన్నేళ్లు అన్నది చీటీలో రాయించుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే అడిగాను. చిటికెన వేలికి మాత్రం ఏమీ లేదట. సోమవారం ఒంగోలు తీసుకువెళుతున్నాను.